లారీలు ఆగిన ముగ్గు

నా చిన్నప్పుడు, అరవైల చివర్లో, రాజాంలో మా వీధికీ బడికీ మధ్య అడ్డమల్లా ఒక్క రోడ్డే. ఆ మలుపులో ధాన్యం లారీలు పిల్లల్ని చూసి వేగం తగ్గించేవి కావు, హారన్ మాత్రం కొట్టేవి. తప్పుకోవడం కూడా మా చదువులో భాగమని డ్రైవర్లు అనుకుని ఉంటారు.

నేను మూడో తరగతిలో ఉండగా ఒక లారీ నన్ను వదిలేసి, నా చేతిలో పలకను మాత్రం ఎగరగొట్టి పోయింది. ముక్కలు ఏరుకుని ఇంటికొచ్చాను. వాటిని చూసి మా నాన్న కేకలేయలేదు. "రేపట్నించి బడికెళ్లొద్దు" అన్నాడు, అంతే. ఆడపిల్ల చదువు మాన్పించడానికి అంత మంచి కారణం ఆ రోజుల్లో ఎవరికీ దొరికేది కాదు. నేను అన్నం మానేసి మూల కూర్చున్నాను.

మా నాయనమ్మ ఎవరితోనూ వాదించలేదు. మర్నాడు పొద్దున్నే బియ్యప్పిండి డబ్బాతో వెళ్లి, మలుపు దగ్గర రోడ్డుకు అడ్డంగా పెద్ద ముగ్గు వేసింది. నడుమ పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడింది. మొదటి లారీ కీచుమని ఆగింది. పిల్లలకి ఆగని మనిషి నిమ్మకాయల ముందు చెప్పులు విప్పి దండం పెట్టి, ముగ్గు చెరగకుండా పక్కనించి బండిని మెల్లగా పోనిచ్చాడు. ఈలోగా మేం రోడ్డు దాటేశాం.

ఆ మర్నాటి నుంచి వీధిలో ఇంటికో రోజు వంతు. పిండి ఒకరిది, నిమ్మకాయలు ఒకరివి. గుళ్లో పూజ చేసే పక్కింటి తాతగారికి లేని దేవతను నిలబెట్టడం నచ్చలేదు. కుంకుమ మాత్రం ఆయనే ఇచ్చేవారు.

వారం తిరిగేసరికి ఒక డ్రైవరు దిగొచ్చి అడిగాడు. "మామ్మా, ఇక్కడ ఏ అమ్మోరు ఎలిసినాది?"

"పేరేటో గానీ బాబూ, తొమ్మిదింటికి ఇటెల్తాది, నాలుగింటికి అటొస్తాది."

"నువ్వు సూసినావేటి?"

"సూడకేటి? సెయ్యట్టుకునే ఉన్నాను గదా!"

అతను నన్ను చూశాడు. రెండు జడలు, కారుతున్న ముక్కు, చంకలో పలక ముక్క. అమ్మవారి లక్షణాలు మరీ కొట్టొచ్చినట్టు లేవు. "మా ఇంటికాడా ఓ అమ్మోరున్నాది, రెండో తరగతి" అని లారీ ఎక్కాడు.

తర్వాత ముసురు పట్టింది. పిండి రోడ్డు మీద నిలవలేదు. ముగ్గు లేని మలుపు దాకా ఆ రోజు నాన్నే వచ్చాడు, నన్ను వెనక్కి తీసుకుపోదామనే. లారీ వస్తోంది. వచ్చి, ఆగింది. లోపల ఉన్నది ఆ డ్రైవరు కాదు, ఇంకెవరో. స్టీరింగు మీంచి చెయ్యి తీసి నుదుటికి ఆనించుకున్నాడు. ఎవరికా అని నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నాన్న నన్ను రోడ్డు దాటించాడు. సాయంత్రం ఇంటికి కొత్త పలక వచ్చింది.

ఇప్పుడు నాకూ మా నాయనమ్మ వయసొచ్చింది. ఆటో ఎక్కినా, మా అబ్బాయి కారెక్కినా, రోడ్డు పక్కన బడిపిల్లలు కనిపిస్తే నోరు ఊరుకోదు. "మెల్లగా బాబూ, అమ్మోరు ఎల్తన్నాది" అంటాను. గుడి ఎక్కడుందా అని వాళ్లు బండి ఆపి అటూ ఇటూ చూస్తారు. నేను చెప్పను. పిల్లలు దాటేదాకా వెతకనిస్తాను.