స్వరూప చూపిన చుట్టరికం

1998లో గచ్చిబౌలి వైపు ఒక పరిశోధనశాలలో సీక్వెన్స్ విభాగం చూసేవాణ్ణి. ప్రోటీన్ అంటే ఇరవై రకాల అమైనో ఆమ్లాలు గుచ్చిన గొలుసు. ఒక్కో రకానికి ఒక్కో అక్షరం, ఆ అక్షరాల వరుసే సీక్వెన్స్. రెండు గొలుసుల అక్షరాలను పక్కపక్కన పేర్చి పోల్చడం అలైన్‌మెంట్. నూటికి ఇరవై అయిదైనా కలవకపోతే, రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయన్న చుట్టరికం ఒప్పుకోకూడదన్నది నా నియమం.

ఫెలోషిప్ ఆఖరి ఏడాదిలో ఉన్న స్వరూప ఒక మధ్యాహ్నం ప్రింటవుట్ తెచ్చింది. ఏం పని చేస్తుందో తెలియని ఒక బాక్టీరియా ప్రోటీన్, కొవ్వును విడగొట్టే ఎంజైమ్‌కు చుట్టమని ఆమె వాదన. కలిసినవి నూటికి పద్దెనిమిదే.

"ఈమాత్రం పోలికకే చుట్టరికమైతే నేనూ సినిమా హీరోనే తల్లీ," అన్నాను.

"జర చూడుండ్రి సార్. పని చేసే మూడు అక్షరాలు ఉండాల్సిన కాడనే ఉన్నయ్. గొలుసు ముడుచుకునే మడత మారలేదేమో. నాకు మా నాయనమ్మ ముఖం రాలే, నడక మాత్రం ఆమెదే అంటరు."

ఎర్ర సిరాతో 'అంగీకరించలేదు' అని రాసి, సంతకం, తేదీ వేసి ఫైల్లో పెట్టాను. థీసిస్‌లో ఆ అధ్యాయం తీసేయించాను.

కొన్ని నెలలకు విదేశీ బృందం ఒకటి ఆ ప్రోటీన్ ఆకారాన్ని ఎక్స్-రే పద్ధతిలో తేల్చి ప్రచురించింది. అచ్చం ఆ ఎంజైమ్ మడతే. కోట్ల ఏళ్లలో అక్షరాలు దాదాపు అన్నీ మారినా ఆకారం నిలిచిపోయింది.

స్వరూప మళ్లీ వచ్చింది. "సార్, ఇది నేను ముందే చెప్పిన్నని రుజువుంటే ఫెలోషిప్ ఇంకో ఏడాది ఇస్తమంటున్నరు కమిటీవాళ్లు. మీరు సంతకం పెట్టిన కాయితం ఇయ్యుండ్రి."

ఏ కాగితమూ పారేసే అలవాటు లేనివాణ్ణి, అది బీరువాలో ఏ అరలో ఉందో నాకు తెలుసు. నా ఎర్ర సిరా కమిటీ కంటబడుతుందని భయపడ్డాను.

"లేదమ్మా, పాత కాగితాలు పారేశాను."

"మీరా సార్? పారేసిండ్రా?"

నేను తల దించుకుని ఏదో రాస్తున్నట్టు నటించాను. ఆమె వెళ్లిపోయింది. ఫెలోషిప్ ఆగింది, థీసిస్ ఆగింది. కూకట్‌పల్లిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరిందని తర్వాత విన్నాను. ఆనాటి నా డైరీలో ఉన్నది 'స్వరూప వచ్చి వెళ్లింది' అన్న ఒక్క ముక్కే.

ఇరవై అయిదు నియమం ఎక్కడ పనికిరాదో తెలియకపోవడం అజ్ఞానం. దాన్ని చదివి దిద్దుకున్నాను. రెండోది తెలిసి చేసింది, దానికి దిద్దుబాటు దొరకలేదు. ఆ మడత గురించి తర్వాత ఎన్నో క్లాసుల్లో పాఠం చెప్పాను. ముందుగా చూసిందెవరో ఒక్క క్లాసులోనూ చెప్పలేదు.