నాగలక్ష్మమ్మకు ముద్ద దిగని నాలుగేళ్ళు

నాగలక్ష్మమ్మ ధర్మవరంలో పట్టుచీరలు నేస్తుంది. పన్నెండేళ్ళప్పుడు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టింది. ఇప్పుడు నలభై మూడు. భర్త పెద్దన్నదీ అదే పని. ఒకే గదిలో రెండు మగ్గాలు. ఆమె మాటకారి, తిండిమనిషి కూడా. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి ఊరిబిండి పచ్చడి పెట్టుకుని, పూటకు రెండు ముద్దలు ఇష్టంగా తినేది. అలాంటి మనిషికి నాలుగేళ్ళపాటు ముద్ద దిగలేదు. జబ్బులు ఎవరికైనా వస్తాయి. కానీ తనకు జబ్బుందని నమ్మించడానికి ఆమె పడిన పాటు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొదటిసారి ఒక మధ్యాహ్నం, రెండో ముద్ద తింటుండగా మింగినది ఎదురురొమ్ము దగ్గర ఆగిపోయింది. నీళ్ళు తాగింది. నీళ్ళూ దాని మీదే నిలబడ్డాయి. కాసేపటికి అన్నీ కలిసి నోట్లోకి వచ్చేశాయి. ఏదో పొరపాటున అనుకుంది. నెల తిరగకముందే వారానికి మూడుసార్లు, ఆ తర్వాత ప్రతి పూటా అదే వరస. తినడానికి ఆమె ఒక పద్ధతి తనంతట తానే కనిపెట్టుకుంది. నాలుగు కబళాలు తిని లేచి నిలబడేది. చెంబెడు నీళ్ళు తాగి, రెండు చేతులూ పైకెత్తి, ఊపిరి బిగబట్టి లోపలికి నెట్టేది. ఒక్కోసారి జారి దిగేది. లేకపోతే పెరట్లోకి పరుగు. బయటికి వచ్చేది పుల్లగా ఉండేది కాదు, నమిలినది నమిలినట్టే ఉండేది. అంటే అది పొట్టదాకా పోనేలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అడిగిన వైద్యుడే లేడు.

వీధి చివరి ఆర్‌ఎంపీ గ్యాస్ అన్నాడు. ఆరు నెలలు మాత్రలు మింగించాడు. మాత్రలు కూడా దిగేవి కావు, పొడి చేసి నీళ్ళలో కలుపుకునేది. ఆ తర్వాత పెద్దన్న ఆమెను అనంతపురంలో ఒక నర్సింగ్‌హోమ్‌కు తీసుకుపోయాడు. అక్కడి పెద్ద డాక్టరుకు మంచి పేరుంది. బయట వరండా నిండా జనం. నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూశాడు. అయిదు నిమిషాల్లో తీసేశాడు.

"గడ్డ లేదు, పుండు లేదు. నీకు ఏమీ లేదమ్మా," అన్నాడు.

"ఏమీ లేకపోతే ముద్ద ఎందుకు దిగదు సార్?" అంది నాగలక్ష్మమ్మ.

ఆయన ఆ ప్రశ్నకు ఆమె వైపు చూడలేదు. బయట కూర్చోమని చెప్పి, పెద్దన్నను ఒక్కడినే ఉంచి అడిగాడు, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని. ఫైలు మీద ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశాడు. శరీరంలో ఏ జబ్బూ లేదు, ఇది మనసుకు సంబంధించింది అని వాటి అర్థం. నిద్రమాత్రలు ఇచ్చి పంపాడు.

ఆ మాత్రలకు ఆమె మగ్గం మీదే జోగేది. పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలోంచి జారిపోయేది. పాతికేళ్ళకు పైగా పోగు తెగకుండా నేసిన చేతులు పోగులు తెంపుకుంటుంటే, తనకు నిజంగానే మతి చెడిందేమోనని ఆమెకే భయం పట్టుకుంది. ఒక మనిషికి తన మీద తనకే అనుమానం పుట్టించడాన్ని వైద్యం అనవచ్చునా?

అరవై రెండు కిలోల మనిషి నలభై నాలుగుకు వచ్చింది. పామిడిలో బంధువుల పెళ్ళికి పోతే, భోజనాల మధ్యలో లేచి చేతులు కడుక్కునే చోటికి పరుగెత్తింది. పంక్తిలో ఉన్న ఆడబిడ్డ బయమ్మ అందరికీ వినపడేటట్టే అంది.

"అన్నం మీద అలిగినోళ్ళకు ఎవురేం మందు పెడతారు? అంతా నాటకం."

పెద్దన్న తల వంచుకుని తింటూ ఉన్నాడు. తిరుగు బస్సులో నాగలక్ష్మమ్మ అతన్ని అడిగింది.

"నువ్వు కూడా నమ్మినావు కదా?"

"డాక్టరు చెప్పినాడు కదా," అన్నాడు పెద్దన్న.

"ముద్ద అడ్డం పడేది నా గొంతులోనా, డాక్టరు గొంతులోనా?"

అతను ఆ వారమే మళ్ళీ ఆమెను అదే నర్సింగ్‌హోమ్‌కు తీసుకుపోయాడు. బరువు చూసి డాక్టరు కంగారుపడ్డాడు. ఇలాగే ఉంటే ప్రమాదం, పొట్టకు చిన్న రంధ్రం చేసి గొట్టం పెడదాం, గంజీ పాలూ అందులోంచే పోసుకోవచ్చు, నోటితో పనే ఉండదు అన్నాడు. అలాంటి గొట్టం నిజంగా కావలసిన రోగులు ఉంటారు. కానీ ముద్ద ఎందుకు దిగడం లేదో ఇంకొక్క పరీక్ష చేసైనా తేల్చకుండానే ఆయన ఆ మాట అన్నాడు.

నాగలక్ష్మమ్మ కుర్చీలోంచి లేచింది. "పోయినసారి మనసు జబ్బు అంటివి. ఇప్పుడు పొట్టకు తూటు పెడతానంటాండావు. నా మనసు పొట్టలో ఉండాదా సార్?"

వెనక్కి చూడకుండా బయటికి వచ్చేసింది.

ఆ సంవత్సరమే మహేశ్వరి అనే అమ్మాయి చీర నేయించుకోవడానికి వాళ్ళింటికి వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం ఆమెది. అంచు రంగులు చూస్తూ కూర్చున్నప్పుడు, లోపల నాగలక్ష్మమ్మ చేతులు పైకెత్తి నిలబడి గుటక వేయడం ఆమె కంటపడింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్లా తింటాండావు అక్కా?"

"నాలుగో ఏడు."

"తిన్నది బయటికొస్తే పుల్లగా ఉంటాదా?"

"లేదమ్మా. నమిలిందే వస్తాది."

నాలుగేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. రెండు రోజుల్లో తన ఆసుపత్రికి పిలిపించి, అక్కడి డాక్టరుతో రాయించి, బేరియం పరీక్ష చేయించింది. సున్నపునీళ్ళలా తెల్లగా చిక్కగా ఉండే మందు తాగిస్తూ ఎక్స్‌రే తీస్తారు. మందు దిగే దారి ఫిల్ములో తెల్లగా కనపడుతుంది. మహేశ్వరి దాన్ని వెలుతురుకు ఎత్తి చూపించింది. ఆహారనాళం తిత్తిలా ఉబ్బిపోయి ఉంది. పొట్టలో కలిసే చోట మాత్రం దబ్బనం మొనలా సన్నబడిపోయింది.

"ఇదో, ఈడ ఆగిపోతాండాది," అంది మహేశ్వరి.

నాగలక్ష్మమ్మ ఏడుస్తుందని పెద్దన్న అనుకున్నాడు. ఆమె ఏడవలేదు. ఫిల్ము అతని చేతిలో పెట్టి, "నువ్వు కూడా బాగా చూడు," అంది.

అక్కడి నుంచి ఇంకో ఊళ్ళోని పెద్దాసుపత్రికి పంపించారు. ముక్కులోంచి సన్నని గొట్టం వేసి, గుక్క గుక్కకూ లోపలి కండరాల ఒత్తిడి కొలిచారు. జబ్బు పేరు అకలేషియా అని తేలింది. సర్జన్ పద్మజ ఫైలు చూసి, అలవాటు కొద్దీ పెద్దన్నతో చెప్పడం మొదలుపెట్టింది. నాగలక్ష్మమ్మ మధ్యలోనే అడ్డుపడింది.

"మేడం, తినాల్సింది నేను. నాకు చెప్పండి."

పద్మజ కుర్చీ ఆమె వైపు తిప్పుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

"మింగినప్పుడు ఆహారనాళం అడుగున ఉండే కండరం వదులవ్వాలి. వదులు కమ్మని చెప్పే నరాలు నీకు దెబ్బతిన్నాయి. అందుకని అది ఎప్పుడూ బిగుసుకునే ఉంటోంది. నీ మనసుకూ దీనికీ సంబంధం లేదు. పోయిన నరాలను తెచ్చే మందు కూడా లేదు. బిగువు తీయడానికి మాత్రం దారులున్నాయి. ఇంజెక్షన్ ఇస్తే కొన్ని నెలలు వదులవుతుంది, మళ్ళీ మామూలే. బెలూన్ పెట్టి సాగదీయవచ్చు. కోత ఉండదు, కానీ మళ్ళీ మళ్ళీ చేయాల్సి రావచ్చు, ఎప్పుడైనా నాళం చిరిగే ప్రమాదమూ ఉంది. మూడోది, పొట్ట మీద చిన్న రంధ్రాలు చేసి ఆ కండరాన్ని కోయడం. కోసిన చోట పొట్ట పైభాగాన్ని కొంచెం మడిచి కుడతాం. నాలుగోది, నోట్లోంచే గొట్టం పంపి లోపలి నుంచి కోయడం. బయట గాయం ఉండదు. అయితే పొట్టలోని పులుపు పైకి తన్నడం అందులో ఎక్కువ."

"ఏది చేస్తే మునుపటి మాదిరి అవుతాది?"

"ఏది చేసినా మునుపటిలా కాదమ్మా. తలుపు తెరవగలం. నాళానికి నెట్టే బలం తిరిగి రాదు. ముద్ద తన బరువుతోనే దిగాలి. నీళ్ళు తోడు తాగాలి."

ఆ నాలుగేళ్ళలో ఆమె డాక్టరు నోట విన్న మొదటి నిజాయితీ గల మాట అదే. నాగలక్ష్మమ్మ అడిగింది.

"నేను పొద్దంతా మగ్గం మీదికి వంగి కూర్చుంటా. పుల్లనీళ్ళు పైకొస్తే నేత సాగదు. ఏది చేస్తే తక్కువొస్తాది?"

"మడిచి కుడతామన్నానే, అది. ఆ మడత అందుకోసమే."

"అయితే అదే చెయ్యండి," అంది. పెద్దన్న వైపు చూడలేదు.

ఆపరేషన్ రెండున్నర గంటలు పట్టింది. మరునాడు మందు తాగించి ఫిల్ము తీసి, ఎక్కడా కారడం లేదని చూసుకున్నాక నీళ్ళిచ్చారు. మొదటి గుక్క వేసి ఆమె అలవాటుగా లేవబోయింది. అవసరం లేకపోయింది. నీళ్ళు దిగిపోయాయి. రెండు వారాలు పల్చని జావ, తర్వాత మెత్తని అన్నం. నెలన్నరకు సంగటి. చిన్న ముద్దలు, ముద్దకో గుక్క నీళ్ళు. పడుకునేటప్పుడు తల ఎత్తున పెట్టుకోవాలి, ఏడాదికోసారి చూపించుకోవాలి. మొదటి ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగింది. మళ్ళీ మగ్గం ఎక్కింది.

కథ ఇక్కడికి అయిపోయిందని అందరూ అనుకున్నారు. నాగలక్ష్మమ్మ మాత్రం పాత ఫైలూ కొత్త ఫిల్మూ సంచిలో పెట్టుకుని, పెద్దన్నను వెంటబెట్టుకుని అనంతపురం బస్సెక్కింది. నర్సింగ్‌హోమ్‌లో టోకెన్ తీసుకుని, తన వంతు వచ్చేదాకా వరండాలోనే కూర్చుంది.

డాక్టరు ఫిల్ము చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మంచిదమ్మా, తగ్గింది కదా. ఇది మొదట్లో కెమెరాకు కనపడకపోవచ్చు."

"కనపడలేదని రాసి ఉంటే నేనేమీ అనను సార్. లేదని రాసినావు. మనసు జబ్బని రాసినావు. కనపడనిదీ లేనిదీ ఒకటేనా?"

"అప్పుడు ఉన్న ఆధారాలను బట్టి..."

"నేనే ఆధారం. ఎదురుగా కూర్చొని చెప్పినాను. నన్ను బయటికి పొమ్మని మా ఆయన్ను అడిగినావు."

ఆమె ఫైలు తెరిచి ఆ రెండు వాక్యాల కింద వేలు పెట్టింది.

"కొట్టేయమని అడగను. దీని కిందనే నా జబ్బు పేరు రాయి. తేదీ వేసి సంతకం పెట్టు."

ఆయన వెంటనే కలం తీయలేదు. చివరకు ఆయన రాశాడు. సంతకం పెట్టాడు. క్షమించమని మాత్రం అనలేదు.

"నా మాదిరి ముద్ద దిగలేదని వచ్చినోళ్ళకు ఇంకా ఎంతమందికి నిద్రమాత్రలు ఇచ్చినావో ఒకసారి చూసుకో సార్," అని ఫైలు తీసుకుంది.

బస్టాండులో ధర్మవరం బస్సు కోసం నిలబడినప్పుడు పెద్దన్న మెల్లగా అడిగాడు.

"ఎట్లాగూ తగ్గిపోయింది కదా. ఇప్పుడెందుకు ఈ కొట్లాట?"

"తగ్గింది కాబట్టే కొట్లాడతాండా. అప్పుడు నాకు మాట్లాడే సత్తువ యాడుండె? నీకుండె. నువ్వు మాట్లాడలే," అంది నాగలక్ష్మమ్మ.

బస్సు వచ్చింది. అతను ముందు ఎక్కి ఆమెకు సీటు పట్టాడు. ఆమె వచ్చి కూర్చుంది గానీ, ధర్మవరం దాకా అతనితో మాట్లాడలేదు.