నాలుగు వేళ్ళ ఆధిక్యం

ఎన్నికల్లో నిలబడకుండానే నేను గెలిచిన రోజులవి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం దొరకలేదు, కాబట్టి దేశాన్ని బాగుచేసే బాధ్యత నా మీద పడింది. పార్లమెంటు ఎన్నికలు రాగానే మెడలో కండువా వేసుకుని మా కొత్తవాడ సందులన్నీ తిరిగాను. స్నానానికి వెళ్ళినప్పుడు తప్ప ఆ కండువా తీసేవాణ్ణి కాదు. (ఆ కాస్త సేపట్లోనే మా అమ్మ దాంతో పొయ్యి మీది అన్నం గిన్నె దించేది. మసి మరక ఎంత ఉతికినా పోలేదు.) నేను ఎవరి కోసం గొంతు చించుకున్నానో ఆ నాయకుడికి నా పేరు తెలియదు. ఆయన దాకా ఎందుకు, మా కార్పొరేటర్‌కే తెలియదు, ఎప్పుడు కనబడినా "ఏయ్ తమ్మీ" అనేవాడు. నాకు మాత్రం ఢిల్లీ నా కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉండేది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ నవ్వు చివరిదాకా నిలవదు. ఆ ఎన్నికల్లో మా ఇల్లు ఒక మనిషిని పోగొట్టుకుంది. పోగొట్టింది నేనే.

మా బాపు జంపఖానాలు నేసేవాడు. పెళ్ళిళ్ళలో పరిచే వెడల్పు జంపఖానా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఎడమ సగం ఒకరిది, కుడి సగం ఇంకొకరిది. నూలును ఒకరు సగం దాకా దాటించి రెండోవాడి చేతికి అందిస్తే, అతను మిగతా సగం దాటిస్తాడు. తర్వాత ఇద్దరూ పంజాతో (ఇనుప పళ్ళున్న బరువైన దువ్వెన అది) ఎవరి సగాన్ని వాళ్ళు కొట్టి బిగించాలి. ఇద్దరి దెబ్బా ఒకే బరువుతో పడాలి. బాపుకు కుడిపక్కన కూర్చునేది మా వెనక సందులో మసీదు పక్కన ఉండే చాచా. నేను పుట్టకముందు నుంచీ అది ఆయన చోటే. ఇద్దరి ఓట్లూ చెరో దిక్కు, ఆ సంగతి వాడకట్టంతా తెలుసు. "నీ లీడర్ నోరు దెరిస్తె అబద్ధమేనే" అని చాచా అంటే, "నీ లీడర్‌కు అది గూడ సక్కగ రాదు గదా" అని బాపు అనేవాడు. పొద్దంతా అలా తిట్టుకుంటూనే ఉండేవాళ్ళు, పంజాల చప్పుడు మాత్రం ఒక్కటిగా వినిపించేది.

ఫలితాల రోజు మా పార్టీ గెలిచింది. నేను పదిమంది దోస్తులను వెంటేసుకుని వచ్చి, ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేనట్టు, మగ్గం ఉన్న రేకుల షెడ్డు ముందే పటాకుల లడీ అంటించాను. లోపలంతా పొగ. చాచా దగ్గుతూనే నవ్వాడు. "గెల్చినవ్ గదరా బిడ్డా, మిఠాయి ఏది?" అన్నాడు. అక్కడ ఊరుకుంటే ఈ కథే లేదు. పొద్దున ఫోన్లో ఎవరో పంపిన వీడియోలో ఒకడు అరుస్తూ అన్న మాట నాకు తెగ నచ్చింది, ఎక్కడ వాడదామా అని నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. "మిఠాయి మాకు చాచా. మీరు ఇగ నోరు మూస్కోని మేం జెప్పినట్టు ఉండాలె. ఉండబుద్ధి గాకపోతె ఎల్లిపోండ్రి!" అన్నాను. దోస్తులు ఈలలు వేశారు.

చాచా పంజా కింద పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు. పొగ వల్లే అనుకున్నాను, చాలా రోజులు అలాగే అనుకుంటూ ఉండిపోయాను. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. నూలు సగం దాకా వచ్చి బాపు చేతిలో ఉండిపోయింది, అందుకునే చెయ్యి లేదు. బాపు నన్ను కొడతాడని ఒళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను. కొట్టలేదు. కొడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మర్నాడు పొద్దున్నే లేపి, "నడువ్. వాని జాగల కూసో" అన్నాడు, అంతే.

కూర్చున్నాను. ఏముంది, ముసలాయన చేసే పనే కదా, పట్టభద్రుడికి చేతకాదా అనుకున్నాను. పంజా నాలుగుసార్లు ఎత్తేసరికి భుజం నాది కాకుండా పోయింది. అయినా పట్టుదలగా కొట్టాను. మధ్యాహ్నానికి చూస్తే నా వైపు నేత బాపు వైపు కన్నా నాలుగు వేళ్ళు ముందుంది! పుట్టినప్పటి నుంచీ నేస్తున్న మనిషిని ఒక్క పూటలో దాటేశాను. ఆ గర్వంతో, "బాపూ, నువ్వు జర జల్ది చెయ్యాలె" అని సలహా కూడా ఇచ్చాను. బాపు పంజా ఆపి నా వైపు చూశాడు. "ముంగటికి పోయినననుకుంటానవా? నీ దిక్కు వదులైంది రా. బిగువు లేక పైకచ్చింది. ఇట్లనే పోతె బట్ట మొత్తం వంకర" అన్నాడు. ఆ సాయంత్రం దాకా పొద్దుటి నుంచి నేసినదంతా పోగు పోగు విప్పాం. (నేయడం కన్నా విప్పడమే కష్టమని నాకు ఆ రోజే తెలిసింది.) మర్నాడూ అంతే. మూడోనాడు నేను పంజా వేలి మీద కొట్టుకుంటే బాపు పాతగుడ్డ చింపి కట్టు కట్టాడు, పొద్దంతా చాచాను తిట్టే ఆ నోట ఒక్క తిట్టయినా రాలేదు. పక్కన ఖాళీ అయింది చాచా చోటు ఒక్కటే కాదని అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రమే చాచా ఇంటికి వెళ్ళాను. దారిలో పెద్ద ఉపన్యాసమే తయారుచేసుకున్నాను. చాచీ తలుపు తీసి, ఏమీ జరగనట్టే, "చాయ్ తాగుతవా?" అంది. దాంతో ఉపన్యాసం ఎగిరిపోయి, "చాచా, మాఫ్ జేయ్" అన్న ముక్క మాత్రమే మిగిలింది. "చేసిన, పో" అన్నాడు చాచా. నేను కదల్లేదు. అప్పుడాయన మెల్లగా అన్నాడు. "నాకు కోపం లేదు బిడ్డా. ఫికరైతాంది. నిన్ను ఈ చేతులతోని ఎత్తుకున్న. నువ్వే గట్లంటె, నన్ను ఎరుగనోళ్ళు ఏమంటరో అని ఆ దినం సంది నిద్ర పడ్తలేదు." నేను చాయ్ తాగలేకపోయాను. ఆయనకు నిద్ర పట్టకుండా చేసిన ఆ మాట నాది కూడా కాదు, ఎవడో ముక్కూమొహం తెలియనివాడిది. అరువు మాటతో సొంతమనిషిని కొట్టాను.

మొదలుపెట్టిన బట్టను మగ్గం మీద సగంలో వదిలిపెట్టకూడదని మా నేతవాళ్ళలో పట్టింపు. అందుకోసమే చాచా వచ్చాడు. తన చోట కూర్చుని మిగతా సగం పూర్తి చేశాడు. తిట్లు లేవు, లీడర్ల ఊసు లేదు. పంజాల చప్పుడు మళ్ళీ ఒక్కటైంది కానీ, వింటుంటే భయమేసింది. పూర్తయిన బట్టను మగ్గం మీంచి కోసిన రోజున నేసినవాళ్ళిద్దరూ బెల్లం తింటారు, అదో ఆనవాయితీ. చిన్నప్పటి నుంచీ నా ముక్క చాచా నా నోట్లోనే పెట్టేవాడు. ఆ రోజు అరచేతిలో పెట్టాడు. తర్వాత తన పంజాను గుడ్డలో చుట్టుకుని, బాపు భుజం తట్టి, "నీ మీద ఏం లేదే. కానీ ఈడ కూసుంటె ఆ మాటే ఇనబడ్తాంది" అని వెళ్ళిపోయాడు. సుబేదారిలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేరాడు. బాపు ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకోలేదు. బతికినన్నాళ్ళూ ఒక్కడే నేసుకునే కింద పరుచుకుని కూర్చునే చిన్న ఆసనాలే నేశాడు, అంత వెడల్పు మగ్గానికి ఒక మూలన కూర్చుని.

తర్వాత ఎన్నో ఎన్నికలు వచ్చాయి, పోయాయి. వాడకట్టులో మనుషులు గుంపులు గుంపులుగా విడిపోయారు. ఎవరింట్లో ఏ ఛానల్ వస్తుందో చూసి పలకరించే కాలం వచ్చింది. నేనూ ఉద్యోగస్తుణ్ణై వేరే వాడకు మారాను, జుట్టు పలచబడింది. మొన్నటి పార్లమెంటు ఎన్నికల్లో నేను ఓటేసిన పార్టీ చిత్తుగా ఓడింది. బయట వేరే పిల్లలు, వేరే కండువాలు, అదే గంతులు. ఇంట్లో కూర్చోలేక బండి తీశాను. అది నేరుగా చాచా ఇంటి ముందు ఆగింది. (బండి మీద నెపం పెడుతున్నాను గానీ, తోలింది నేనే.)

చాచా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కళ్ళు సరిగా కనబడవు, గొంతును బట్టి పోల్చుకున్నాడు. గడప మీద ఆయన పక్కన కూర్చున్నాను. "ఎవలు గెల్చిండ్రు?" అన్నాడు.

"నేను చూడలే చాచా."

"అబద్ధం. ఓడిపోయినవ్, గందుకే అచ్చినవ్." ఇన్నేళ్ళ తర్వాత ఆ నవ్వు మళ్ళీ చూశాను. పళ్ళు లేవు గానీ నవ్వు అదే. "గెల్చిన్నాడు నన్ను ఎల్లగొట్టినవ్. ఓడిన్నాడు నా గడపకచ్చినవ్. ఇంకో రెండుసార్లు ఓడిపో బిడ్డా, మంచోనివైతవ్."

నవ్వాను. ఎంత నవ్వానంటే చాచీ ఏమైందోనని లోపల్నుంచి వచ్చింది. ఆ నవ్వులో ఎప్పుడు ఏడ్చానో నాకే తెలియదు, ఆయనకు కనబడలేదని నా ధైర్యం. ఒకప్పుడు ఢిల్లీనే గెలిచిన ఆ ఇరవై రెండేళ్ళవాడు ఎక్కడైనా ఎదురుపడితే ఒక మాట చెప్పాలనుంది. ఒరేయ్, వచ్చే ఎన్నికలకు నేను సిద్ధంగా ఉన్నాను, ఓడిపోవడానికి.