మూతికి కట్టిన గుడ్డ

నా చెవిలో మందు కొట్టే ఇంజను ఆగడం లేదు. పక్క చేలో ఎవరో మిరపతోటకి స్ప్రే చేస్తున్నట్టు పగలూ రాత్రీ ఒకటే హోరు. ఒంగోలులో చూపించుకుంటే డాక్టరుగారు, "వయసు కదమ్మా, అలవాటు చేసుకోవాలి" అని నా మొహం మీదకి వంగి అరిచి చెప్పాడు. ఈ హోరు ఆయన చెవిలో పెట్టి ఒక్క పూట ఉంచితే తెలిసేది, ఎంత బాగా అలవాటవుతుందో. పోనీ హోరు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేదాన్ని. అది వస్తూ వస్తూ మనుషుల మాటలు పట్టుకుపోయింది.

నాకు చెవుడొచ్చిందని నాకే తెలిసింది కరోనా అప్పుడు. అందరూ మాస్కులు పెట్టుకునేసరికి ఎవరేమంటున్నారో ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్నాళ్ళూ నేను పెదాలు చూసి వింటున్నానన్నమాట. కరోనా పోయింది, ఊళ్ళో మాస్కులూ పోయాయి. మా మిరపకాయల కల్లంలో మాత్రం పోలేదు. అక్కడ కరోనాకి ముందూ గుడ్డే, తర్వాతా గుడ్డే. ఎండిన కాయల గుట్ట ముందు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరాలంటే ముక్కూ మూతీ కలిపి పాత చీర పేలిక బిగించి కట్టుకోవాలి. లేకపోతే ఆ ఘాటుకి ఊపిరి ఆడదు.

ఇంట్లో పరిస్థితి ఇంకోరకం. మా ఆయన నాతో మాట్లాడటం మానేసి సైగల్లోకి దిగాడు. అన్నానికి అయిదు వేళ్ళూ నోటి దగ్గర, కాఫీకి బొటనవేలు. ఇన్నేళ్ళ కాపురం చివరికి రెండు సైగలకి వచ్చింది. కోడలు ఏదో చెబుతుంది, ఏమిటమ్మా అంటే "ఏం లేదులే అత్తయ్యా" అంటుంది. ఆ ఒక్క మాట మాత్రం నాకు ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుంది. కొడుకు చెవి మిషను కొనిపెట్టాడు. అది పెట్టుకుంటే కుక్కరు కూత, గిన్నెల మోత, ఫ్యాను గోల అన్నీ రెట్టింపయ్యాయి, మనిషి మాట తప్ప. తీసి బీరువాలో పడేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగాడట. ఆ సామెత కట్టినవాడికి చెవులు భేషుగ్గా ఉండి ఉంటాయి.

ఇక నాకు మిగిలింది ఒక్కతే, నా మరిది భార్య. రెండిళ్ళ కాయలూ ఒకే కల్లంలో ఆరబోస్తాం, ఎదురెదురుగా కూర్చుని ఏరతాం. మా తోటికోడలు మాట్లాడితే కూలివాళ్ళు కూడా చేతులు ఆపి వింటారు. నా చెవులు పోయాక మొదట్లో అరిచి చెప్పేది. "ఇట్టా అరిస్తే ఊరి గుట్టంతా రోడ్డున పడుద్ది అక్కా" అని, ఓ రోజు తన మూతిగుడ్డ గడ్డం కిందికి లాగి, పెదాలు బాగా ఆడిస్తూ చెప్పింది. అలా ఘాటు మింగుతూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, దగ్గుకీ దగ్గుకీ మధ్య ఊరి కబుర్లన్నీ నాకు చేరవేసింది. పోయినేడు కల్లం నాకు పండగలా గడిచింది.

ఈ ఏడు ఆమెకి ఆయాసం పట్టుకుంది. అయినా గుడ్డ లాగింది. తన కూతురి వేవిళ్ళ సంగతి చెబుతూ చెబుతూ సగంలో దగ్గు తెర కమ్మి పక్కకి ఒరిగిపోయింది. కూలివాళ్ళు నీళ్ళు తాగించి వీపు రాశారు. మరిది పరుగెత్తుకొచ్చి, ఆమె తేరుకున్నాక నా వైపు తిరిగాడు. నాకు అర్థం కావాలని తన మూతికున్న తువ్వాలు తీసి మరీ అన్నాడు.

"అసలే ఆయాసం మనిషి వదినా. దాని గుడ్డ తీయించి కబుర్లు చెప్పించుకుంటే ఎట్టా? ఉంటే ఇంటికెళ్ళాక మాట్లాడుకోండి."

తీయమని నేను ఏనాడూ అడగలేదు. ఇంటికెళ్ళాక ఆమెకి గేదెలుంటాయి, వంట ఉంటుంది, సీరియల్ ఉంటుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

మర్నాడు ఆమె నా ఎదురుగా కూర్చుని గుడ్డ మీద చెయ్యి వేసింది. "వద్దులేవే, ఉంచుకో. తర్వాత చెబుదువుగాని" అన్నాను. అని, పరవాలేదక్కా అంటుందేమోనని చేతిలో కాయ పట్టుకుని ఆమె కళ్ళలోకి చూస్తూ ఆగాను. ఒక్కసారి అంటే చాలు, నేనే బలవంతంగా కట్టించేదాన్ని. ఆమె తల ఊపి, గుడ్డ విప్పి దులిపి, మళ్ళీ కట్టుకుని వెనక రెండు ముళ్ళు వేసింది. కాసేపయ్యాక పక్కనున్న కూలామె వైపు కొంచెం తిరిగింది. గుడ్డ కింద నోరు కదులుతోంది. కూలామె భుజాలు ఊగిపోయేలా నవ్వుతోంది.

ఆమె ఊపిరి ఆమెకి ముఖ్యం, అందులో తప్పేముంది అనుకుంటూ తాలుకాయలు ఏరాను. సాయంత్రందాకా అదే అనుకున్నాను. అబద్ధం. అంత తేలిగ్గా కట్టుకున్నందుకు నేను ఆమెని ఇప్పటికీ క్షమించలేదు.