గుమ్మం ఇవతలి నుంచి చూసిన క్రికెట్

జగన్నాథరావు చేసిన ఆఖరి మామూలు పని కాఫీ అడగడం.

"చిన్నమ్మాయ్, కాఫీ ఇక్కడికే పట్రావే. ఆఖరి ఓవర్లు, లేవలేను," అని ముందుగదిలోంచి కేకేశాడు. ఎండ పెరటి గోడ మీదికి దిగే వేళ. వంటింట్లో చెల్లెలు పాలు పొంగకుండా చూసుకుంటోంది.

"నువ్వే వచ్చి తాగు. నేను రానని తెలుసుగా."

"ఇవాళ గెలుస్తారే. వచ్చి కూర్చో."

"గెలిచేట్టుంటే అసలే రాను," అంది చిన్నమ్మాయి. ఆయన నవ్వినట్టు వినపడింది. ఆ తర్వాత టీవీ గోల ఒక్కటే.

కాఫీ కలిపి గుమ్మం దాకా తెచ్చింది. ఆ ఇంట్లో నడవలోంచి ముందుగదికి వెళ్ళే గుమ్మం, టీవీ పెట్టిన గోడలోనే ఉంది. గుమ్మంలో నిలబడితే టీవీ బొమ్మ కనపడదు. దాని ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషి మొహం కనపడుతుంది. అన్నయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆవిడకి వింతగా అనిపించలేదు. మ్యాచ్ బిగుసుకున్నప్పుడు చూడలేక కళ్ళు మూసుకోవడం ఆయనకి ఎప్పటి నుంచో ఉన్నదే. ఇప్పుడు లోపల అడుగు పెడితే ఏం పోతుందో ఏమోనని, మ్యాచ్ అయ్యేదాకా ఆగుదామని, గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది. టీవీలో జనం హోరెత్తారు. టపాకాయలు పేలాయి. గెలిచారన్నమాట అనుకుంది.

ఆయన కళ్ళు తెరవలేదు.

డాక్టరుగారు వచ్చి చూసి, ఆగింది గుండె అనీ, నిద్రలో పోయినట్టు పోయాడనీ, ఆవిడ పది నిమిషాలు ముందు వెళ్ళినా చేయగలిగింది లేదనీ అన్నాడు. ఆ మాట ఆయన మంచితనం కొద్దీ అన్నాడో, నిజమే అన్నాడో ఆవిడకి తెలియదు. చల్లారిన కాఫీ మాత్రం మర్నాటి దాకా గుమ్మం పక్క స్టూలు మీదే ఉండిపోయింది. వచ్చినవాళ్ళెవరూ దాన్ని తీయలేదు.

*

జగన్నాథరావు రామచంద్రపురంలో కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఏ కాలవకి ఎప్పుడు నీళ్ళు వదులుతారో, ఎప్పుడు కట్టేస్తారో రైతులు ఆయన్నే అడిగేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినప్పుడల్లా ఒక కొత్త కారణం చెప్పేవాడు. "పిల్లని చూడ్డానికి రమ్మన్న రోజు టెస్టు మ్యాచ్ ఐదో రోజండీ, ఎలా వెళ్ళమంటారు?" అన్నది అందరికీ నచ్చిన కారణం. ఆ మాట అంటున్నప్పుడు చెల్లెలు గదిలో ఉంటే మాత్రం నవ్వేవాడు కాదు.

వాళ్ళ వీధిలో మొదటి టీవీ ఆయనదే. డయనోరా, బ్లాక్ అండ్ వైట్, ముందు జరిపే చెక్క తలుపులు. అది కొన్న ఏడే చిన్నమ్మాయి పుట్టింటికి వచ్చేసింది. భర్త భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలో పని చేసేవాడు, వారం రోజుల జ్వరంతో పోయాడు. అప్పటికి ఆవిడకి ముప్పై కూడా నిండలేదు. తల్లి సంపూర్ణమ్మ కూతురి పెట్టె లోపల పెట్టించి, "ఇంక ఇక్కడే ఉండు," అంది.

ఆ ఏడాది దీపావళి అయిన కొత్తలో బొంబాయిలో సెమీఫైనలు. ముందుగది నిండా జనం. కిటికీ అవతల అరుగు మీద కూడా జనం. మొదటి నుంచీ ఎవరు ఎక్కడ కూర్చుంటే అక్కడే కూర్చోవాలని జగన్నాథరావు ఆజ్ఞ. ఆఫీసులో పక్క సీటు సత్తిరాజు బీడీ కాల్చుకుందామని బయటికెళితే ఫోరు పడింది. ఇంక ఆయన్ని లోపలికి రానివ్వలేదు.

"ఒరేయ్, నేను డబ్బులిచ్చి కొన్న బిస్కట్లురా అవి! నాకు రెండైనా విసరండి," అని సత్తిరాజు అరుగు మీది నుంచి మొత్తుకుంటే గదంతా నవ్వులు.

ఆ నవ్వుల్లో చిన్నమ్మాయి మంచినీళ్ళ చెంబు పట్టుకుని లోపలికి వచ్చింది. వికెట్ పడింది.

గది ఒక్కసారి చల్లబడిపోయింది. పక్కింటి వీరదుర్గమ్మగారు చాప మీద కూర్చునే, పెద్దగా కాదు గానీ అందరికీ వినపడేట్టు, "ఆ అడుగు అలాంటిది, పిల్లని అని ఏం లాభం," అంది. ఆ మాటని ఎలాగైనా కప్పెట్టేయాలని జగన్నాథరావుకి కంగారు పుట్టింది. ఆ కంగారులో, సత్తిరాజుని అన్నట్టే, నవ్వుతూ అనేశాడు: "నీకూ అరుగేనే చిన్నమ్మాయ్! నువ్వు లోపలికొస్తే మ్యాచ్ పోతుంది, వెళ్ళు వెళ్ళు."

అందరూ హాయిగా నవ్వారు. చిన్నమ్మాయి కూడా నవ్వి, చెంబు గుమ్మం పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఆ మ్యాచ్ ఎలాగూ పోయింది. వికెట్లన్నీ పోయిన మ్యాచ్‌లో అదీ ఒకటేనని ఆ రాత్రి ఎవరికీ తోచలేదు.

*

ఆ తర్వాత ఆవిడ క్రికెట్ వచ్చేటప్పుడు ఆ గదిలో అడుగు పెట్టలేదు. అలిగి కాదు. అలిగితే ఎవరో ఒకరు బతిమాలేవారు, అది అక్కడితో పోయేది. ఆవిడ దాన్ని ఇంట్లో ఒక పద్ధతి చేసేసింది, ఏకాదశికి అన్నం తిననట్టు.

మిగతావి అన్నీ చూసేది. ఆదివారం పొద్దున్న పురాణం సీరియల్ వస్తుంటే టీవీ ముందు అగరొత్తి వెలిగించేది ఆవిడే. శుక్రవారం సినిమా పాటలు, సాయంత్రం పొలాల కార్యక్రమం, అర్థం కాని హిందీ నాటకాలు కూడా వదిలేది కాదు. బొమ్మ పోయి 'అంతరాయానికి చింతిస్తున్నాము' అన్న బోర్డు పడితే, దాన్ని కూడా కదలకుండా చూస్తూ కూర్చునేది. సంపూర్ణమ్మ "ఆ బోర్డుని ఏం చూస్తావే," అంటే, "పాపం, వాళ్ళైనా చింతిస్తున్నారు కదే అమ్మా," అనేది.

మ్యాచ్ రోజున మాత్రం ఆవిడ పని డాబా మీద. గాలికి యాంటెన్నా తిరిగిపోయేది, లేకపోతే కాకి వాలేది. ఆవిడ మెట్లెక్కి పైపు పట్టుకుని తిప్పేది.

"వచ్చిందా?"

"రాలేదు! ఇంకొంచెం కాకినాడ వైపు!"

"ఇప్పుడు?"

"వచ్చింది, వచ్చింది... పోయింది! వెనక్కి, వెనక్కి! ఆ, అలాగే ఉండు, కదలకు!"

అలా పైపు పట్టుకుని ఎండలో ఎన్ని ఓవర్లు నిలబడిందో ఆవిడకే తెలియదు. కింద కేకలు వినపడితే ఫోరో సిక్సో. నిశ్శబ్దం అయితే వికెట్. యాంటెన్నాల రోజులు పోయాక, గుమ్మంలో నిలబడి అన్నయ్య మొహం చూసేది. కనుబొమలు పైకెళితే బంతి గాల్లో ఉంది. కింది పెదవి కొరికితే క్యాచ్ పట్టేశారు. ఆవిడకి తెలిసిన క్రికెట్ అంతా ఆ మొహం మీద జరిగిందే.

ప్రపంచకప్పు గెలిచిన రాత్రి వీధంతా టపాకాయలు కాల్చారు. జగన్నాథరావు జీడిపప్పు పాకం అచ్చు చేత్తో పట్టుకుని పెరట్లోకి పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ నూతి పళ్ళెం దగ్గర గిన్నెలు తోముతోంది.

"గెలిచామే!"

"చూశావా? నేను రాలేదు కాబట్టే," అంది చిన్నమ్మాయి, నవ్వుతూ, తల ఎత్తకుండా.

ఆయన అచ్చు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పాకం కరిగి వేళ్ళకి అంటుకుంటున్నా చూసుకోలేదు. ఎప్పుడో నవ్వులాటకి అన్న మాట ఈ మనిషి ఇన్నేళ్ళూ నమ్మి బతికిందని ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది. అచ్చు నూతి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పటికే ఆ ముందుగది పల్చబడింది. ఎవరింట్లో వాళ్ళకి టీవీలు వచ్చాయి. వీరదుర్గమ్మగారు పోయింది. సంపూర్ణమ్మ పోయింది. సత్తిరాజు కూతురి దగ్గరికి కాకినాడ వెళ్ళి అక్కడే కన్నుమూశాడు. ఫోన్లు వచ్చాక, వీధిలో నడిచే కుర్రాళ్ళు కూడా స్కోరు ఎంతని ఈ కిటికీలోకి తొంగి చూడడం మానేశారు. ముప్పైమంది కూర్చున్న గదిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు మిగిలాయి. ఒకదాంట్లో ఆయన. రెండోది ఖాళీ.

ఆ రెండో కుర్చీలో చెల్లెల్ని కూర్చోబెట్టాలని ఆఖరి రెండేళ్ళూ ఆయన పడ్డ తాపత్రయం ఇంతా అంతా కాదు. ఏ పూట చూసినా టీవీలో మ్యాచే. ఏ మ్యాచ్ అయినా ఆవిడకి పిలుపే.

"రావే, ఒక్క ఓవరు చూసి పో."

"పోయేకాలం వచ్చి ఇప్పుడు పిలుస్తున్నావేంటి? వద్దులే. కప్పు పోతే నన్నంటావు."

"పోతే పోనీ. ఆ కప్పేమైనా మన అల్మారాలో పెడతారా?"

"నీకు సరదాగా ఉంది. ఓడితే రెండ్రోజులు అన్నం తినవు."

"ఓడరే. నేను చెప్తున్నాగా."

"నీకెలా తెలుసు?"

"తెలుసంతే."

తన మీద జాలితో పిలుస్తున్నాడని ఆవిడ అనుకునేది. ఈ వయసులో జాలి ఒక్కటే భరించలేనిది. పైగా, నిజంగా తను వెళ్ళిన రోజునే ఓడిపోతే? సాయంత్రాలు ఆయనకి మిగిలిన సంతోషం ఆ ఒక్కటే. అది కూడా తన అడుగుతో పోగొట్టడం దేనికని ఆవిడ భయం. వీరదుర్గమ్మగారి మాట ఆవిడ ఎవరితోనూ ఎప్పుడూ ఎత్తలేదు. మర్చిపోనూ లేదు.

ఒకసారి మటుకు వెళ్ళింది. కిందటి శ్రావణంలో, బయట ముసురు. ఆయన గొంతులో ఆ పూట పిలుపు మరీ దీనంగా వినపడి, చేతులు తుడుచుకుని, గుమ్మం దాటి ఒక కాలు లోపల పెట్టింది. జగన్నాథరావు మొహం దీపం పెట్టినట్టయింది. కుర్చీ దగ్గరికి జరిపాడు. ఆవిడ ఇంకా టీవీ వైపు తిరగనే లేదు, జనం గొల్లుమన్నారు. ఆయన కింది పెదవి పళ్ళ మధ్యకి వెళ్ళింది.

"అవుటా?" అంది.

"అయితే అయ్యాడే! ఉండు, ఉండు, ఇంకా మ్యాచ్ ఉంది, గెలుస్తారు, నా మాట విను..."

ఆవిడ అప్పటికే వంటింట్లో ఉంది. ఆ పూట ఆయన టీవీ కట్టేసి, వాన ఆగేదాకా వీధి అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. ఆవిడ దాన్ని కోపం అనుకుంది.

*

పదకొండో రోజు అయ్యాక వచ్చిన బంధువులు వెళ్ళిపోయారు. ఇంట్లో చప్పుడు లేదు. పాలు ఎన్ని పోయించుకోవాలో ఆవిడకి తెలియలేదు. సాయంత్రం అయ్యేసరికి కాళ్ళు వాటంతటవే గుమ్మం దాకా వెళ్ళేవి. ఎదురుగా కుర్చీలో మొహం ఉండేది కాదు. అక్కడి నుంచే వెనక్కి వచ్చేసేది. అడ్డం చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, మ్యాచ్ కూడా లేదు, అయినా లోపలికి వెళ్ళడానికి అడుగు పడేది కాదు.

ఒకరోజు కేబుల్ కుర్రాడు గణేష్‌బాబుకి ఫోను చేసింది. కుర్రాడంటే ఇప్పుడు కాదు, వాడికీ గడ్డం నెరిసింది. ఈ ఇంటికి మొదట తీగ లాగిన రోజు నుంచీ ఆవిడకి వాడు కుర్రాడే.

"ఆ కేబుల్ తీసేయి బాబూ. ఇంక చూసేవాళ్ళు లేరు."

వాడు సాయంత్రానికి వచ్చాడు. ముందుగదిలో చెప్పులు లేకుండా నిలబడి, గోడ మీది ఫొటోకి దణ్ణం పెట్టి, కాసేపు నసిగాడు.

"కేబుల్ గుమాస్తాగారు తీయించేసి రెండేళ్ళు దాటిందండి."

"అదేంటి? మరి రోజూ మ్యాచ్ వచ్చేదిగా?"

గణేష్‌బాబు టీవీ వెనక చెయ్యి పెట్టి, చూపుడువేలంత పెన్‌డ్రైవ్ లాగి చూపించాడు. "ఇందులోవండి. పాత మ్యాచ్‌లు. నేనే ఎక్కించి ఇచ్చేవాణ్ణి. అయిపోతే మళ్ళీ పట్టుకొచ్చేవారు, కొత్తవి వేయమని."

"పాతవంటే?"

"ఎప్పుడో ఆడేసినవండి."

ఆవిడ గుమ్మం కమ్మీ పట్టుకుంది. "ఆ రోజు... ఆ సాయంత్రం వచ్చింది?"

"అదీ అంతేనండి. కబురు తెలిసి నే వచ్చేసరికి ఇంకా టీవీ ఆడుతోంది, చూశాను కదా. తొంభై మూడులో కలకత్తాలో లైట్ల కింద ఆడింది, చివరి ఓవరులో గెలిచారు. అదంటే ఆయనకి ప్రాణం."

వాడికి ఏం చేయాలో తోచక పెన్‌డ్రైవ్ అటూ ఇటూ తిప్పాడు.

"ఒక్క షరతు మాత్రం పెట్టేవారండి," అన్నాడు చివరికి. "మా ఇంట్లో ఒకరికి చూపించాలిరా, ఎప్పుడొచ్చి కూర్చుంటుందో తెలియదు, ఓడిపోయింది ఒక్కటి కూడా వేయకు అనేవారు. ఒకసారి పొరపాటున ఒకటి పడిపోతే, ఎండలో షాపు దాకా నడిచొచ్చి, దగ్గరుండి తీయించుకెళ్ళారండి."