రోవీనా కోసిన నొగ

ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, కట్టిన ఇల్లే లారీ వెనక ఊగుతూ వస్తే ఏం చెయ్యాలో పెద్దలెవరూ చెప్పలేదు. రోవీనా స్టిడమ్ ఇల్లు అలాగే వచ్చింది. టెనెసీ ఫ్యాక్టరీలో తయారై, కెంటకీ కొండదారులన్నీ ఎక్కి, వాగుకు ఎగువన ఆమె కొనుక్కున్న అరెకరంలో కాంక్రీటు పునాది మీద కూర్చుంది. యాభై ఏడేళ్ల వయసులో ఆమెకది మొదటి సొంతిల్లు.

గల్ఫ్ యుద్ధంలో ఆమె సైన్యంలో వెల్డరు. అలాంటివాళ్లకు మాజీ సైనికుల గృహరుణం ఉంది, ముందుగా ఒక్క డాలరు కట్టక్కర్లేదు. అదంతా ఇటుకల ఇళ్లవాళ్లకే అనుకుని ఇన్నేళ్లూ దాని ఊసే ఎత్తలేదు, వెర్రిబాగుల మనిషి! బ్యాంకులో పిల్ల చెబితే గానీ తెలియలేదు. ఇక మిగిలింది ఒక్కటే. విలువ కట్టే మనిషి వచ్చి, ఇంటిని చూసి సరేననాలి. శుక్రవారంలోగా ఆ మాట రాకపోతే ఇంటిని వెనక్కి లాక్కుపోయి ఇంకొకరికి అమ్ముకుంటానని ఇల్లు పంపిన డీలరు ఖరాఖండీగా చెప్పేశాడు.

ఇంత దూరం వచ్చి రోవీనా తన గొయ్యి తానే తవ్వుకుంది. ఇలాంటి ఇంటి అడుగున, లారీకి తగిలించడానికి, బండి నొగలా ఒక ఇనుప దూలం ఉంటుంది. ఇల్లు దించాక చక్రాలూ నొగా తీసెయ్యాలి. చక్రాలు తీయనిచ్చింది. నొగ దగ్గరికొచ్చేసరికి పనివాళ్లకు అడ్డం నిలబడింది. చుట్టూ రేకు కట్టించి, నొగ మీదుగా మెట్లు పెట్టించి, ఏమీ ఎరగనట్టు ఊరుకుంది.

ఆ కొండల్లో ఇది ఆమె ఒక్కదాని పిచ్చే కాదు. ఒకప్పుడు అక్కడ నేల బొగ్గు కంపెనీది, పైనున్న ట్రైలరు, అంటే చక్రాల ఇల్లు, మనది. ఎప్పుడు పొమ్మంటారో తెలియదు. రోవీనా చిన్నతనంలో వాళ్లను మూడుసార్లు పొమ్మన్నారు. మూడోసారికి ట్రైలరు నొగ తుప్పుపట్టి ఊడిపోయింది. లాగే దారిలేక వాళ్లమ్మ ఇద్దరు పిల్లల్నీ, ఒక పరుపునీ, బీన్స్ వండుకునే కుండనీ పట్టుకుని మంచులో నడిచింది. వెనక ఆ ట్రైలరును బుల్డోజరు వాగులోకి నెట్టేసింది. అది కళ్లారా చూసిన పిల్ల నొగ తియ్యనిస్తుందా?

గురువారం పొద్దున విలువ కట్టే టాకెట్ వచ్చాడు. గదులు కొలిచాడు. వంటింటి అలమర లోపల అంటించిన ఫ్యాక్టరీ కాగితం చదివాడు. వెనక గోడకున్న ప్రభుత్వపు ఎర్ర రేకుబిళ్ల నంబరు రాసుకున్నాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అప్పుడు మెట్ల పక్కన రేకు తీయించి, టార్చి పట్టుకుని బోర్లా పడుకున్నాడు.

"ఇదేంటమ్మా?"

"ఏది?" అంది రోవీనా.

"నా ముక్కు ముందున్నది."

తమ్ముడు డ్యూయీ అడ్డం దూరాడు. "అదా సార్, అందానికి."

"అందానికి మెట్ల కింద పెట్టుకుంటారా?" టాకెట్ మోకాళ్లు దులుపుకుంటూ లేచాడు. "నొగ ఉంటే ఇది బండి తల్లీ, ఇల్లు కాదు. బండికి ఇంటి విలువ నేను కట్టలేను. మళ్లీ పరీక్షకి పెట్టుకుంటే రెండు వారాలు పడుతుంది."

రోవీనా అతని దారికి అడ్డం వచ్చింది. "రేపటితో గడువైపోతుంది సార్!"

"కిందూళ్లో ఇంకో ఇల్లు చూడాలి. రెండింటికి ఇటే వస్తా. అప్పుడేది కనిపిస్తే అది రాస్తా."

నిక్కచ్చి మనిషే గానీ చెడ్డవాడు కాదు. కారు మలుపు తిరగ్గానే డ్యూయీ మొదలెట్టాడు.

"కోసెయ్యక్కా."

"నీకేం, నోటికొచ్చింది అంటావ్. రేపు పొమ్మంటే?"

"ఎవరంటారు?"

"ఎవరో ఒకరు. ఎప్పుడూ ఎవరో ఒకడు ఉంటాడు."

"ఈ నేలెవరిది?"

రోవీనా ఊడదీసిన రేకును మళ్లీ మెట్ల పక్కన ఆనించింది.

"నిన్నే! పత్రం ఎవరి పేరునుంది?"

"నా పేరునే."

"మరి నిన్ను పొమ్మనాలంటే నువ్వే అనాలి. నువ్వు గయ్యాళివని ఊరందరికీ తెలుసులే గానీ, నిన్ను నువ్వే తరుముకుంటావా ఏంటి?"

రోవీనాకు నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపూ తన్నుకొచ్చింది. మెట్ల మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. తరవాత ముక్కు తుడుచుకుని లేచి, మెట్లు పక్కకి జరిపి, ట్రక్కులోంచి గ్యాస్ కట్టరు దించింది.

"గోనెలు తడిపి అడుగున పరిచెయ్. నీళ్ల గొట్టం పట్టుకో. నా మొహం మాత్రం చూడకు."

సగం కోశాక చెయ్యి ఆగింది. భయమేసింది ఆమెకు. ఎడారిలో ఫిరంగులు మోగినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. ఇది తెగితే ఈ ఇల్లు ఇక ఎక్కడికీ కదలదు, తనూ కదలదు. కదలక్కర్లేదన్న మాట ఎంత గట్టిగా చెప్పుకున్నా ఒంటికి ఎక్కదే! పళ్లు బిగబట్టి మంట మళ్లీ ఆనించింది. దూలం ధడాలున పడేసరికి అవతలి గట్టు మీద కుక్కలన్నీ ఒక్కసారిగా మొరిగాయి. డ్యూయీ గొట్టం పారేసి ఈలలు వేశాడు.

రెండింటికి టాకెట్ వచ్చి, గడ్డిలో పడున్న నొగను చూసి, మళ్లీ ఇంటి అడుగుకు దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు.

"ఎవరు కోశారు?"

"నేనే. సైన్యం నేర్పిన పనే."

"ముప్పై ఏళ్లుగా ఇళ్ల కింద పాకుతున్నా. ఇంత శుభ్రమైన కోత చూడలేదు."

"దానికేమన్నా విలువ కలుస్తుందా సార్?" అన్నాడు డ్యూయీ.

"కలవదు," అంటూనే టాకెట్ నవ్వాడు.

శుక్రవారం మధ్యాహ్నం బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. ఇంటికి అమ్మకం ధర కంటే నాలుగువేలు ఎక్కువే విలువ పడింది. రుణం ఖాయం. డీలరు లారీ డీలరు దగ్గరే ఉండిపోయింది.

సంతకాల రోజున ఆఫీసులో కళ్లజోడు ఆవిడ ప్రశ్నలు చదువుతూ పోయింది. "ఈ ఇంట్లో మీరే నివసించాలనుకుంటున్నారా?"

"చచ్చేదాకా," అంది రోవీనా.

"అవునంటే చాలండీ."

"నాకు చాలదు. చచ్చేదాకా అని రాయండి."

"ఆ గడిలో చోటు లేదండీ."

రోవీనా కాగితం తన వైపు తిప్పుకుంది. గడి పక్కన ఖాళీలో 'చచ్చేదాకా' అని పెద్దక్షరాలతో రాసి, దాని కింద సంతకం పెట్టింది.