అన్నయ్య ఎడమ భుజం

అన్నయ్యకి గుడివాడలో మోటార్ల వైండింగ్ షాపు ఉండేది. వారమంతా కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుట్టేవాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేవాడు. పాట విన్నవాళ్ళు గొంతు బాగుందంటారు, కీబోర్డు బాగుందంటారు, బేస్ గిటార్ సంగతి ఎవరూ ఎత్తరు. "వాయిస్తున్నంతసేపూ తెలీదే అమ్మాయ్, ఆపేస్తే తెలుస్తుంది" అనేవాడు నాతో.

నేను బందరులో, చిలకలపూడిలో కవరింగ్ నగల పని చేస్తాను. గొలుసులకి కొక్కేలు అతకడం, లాకెట్ల అంచులు అరగదీయడం. ఇద్దరివీ చేతిపనులే కావడంతో కలిసినప్పుడల్లా మా మాటలు పనిముట్ల మీదికే పోయేవి.

రెండేళ్ళ కిందటి వేసవిలో, నాతో పనిచేసే ఆవిడ కూతురి పెళ్ళి అవనిగడ్డలో జరిగింది. మధ్యాహ్నం విందుకి పాటలు అన్నయ్య వాళ్ళవే. ప్రతి పాట అయ్యాక అన్నయ్య కుడిచేత్తో ఎడమ భుజం పిసుక్కోవడం కింద కూర్చున్న నాకు కనబడుతూనే ఉంది. భోజనాల దగ్గర పక్కన కూర్చుని అడిగాను.

"ఏంటన్నయ్యా భుజం?"

"ఇదిగో, దీని దయే," అని గోడకి ఆనించిన గిటార్ని చూపించాడు. "చెయ్యి వదిలితే చాలు, తల కిందికేసేస్తుంది. మూడు గంటలూ ఎడంచేత్తో ఎత్తి పట్టుకోవాలి. బెల్టేమో భుజంలోకి దిగుద్ది."

చేతులు కడుక్కుని నేనే దాన్ని మెళ్ళో వేసుకుని చూశాను. నిజమే. చెయ్యి తియ్యగానే సన్నటి నైలాన్ బెల్టు భుజం మీద జర్రున జారింది, గిటార్ తల నేలవైపు వాలిపోయింది. మెడ పొడుగు, దాని చివర తీగలు బిగించే నాలుగు ఇనప మరలు. ఒళ్ళేమో తేలిక చెక్క. బెల్టు ముందుకొస తగిలించే బుడిపె గిటార్ పైకొమ్ము చివర ఉంటుంది. దీనికి ఆ కొమ్ము పొట్టిది. అందుకే బరువంతా మెడవైపు మొగ్గుతోంది. లోపం కళ్ళముందు అంత స్పష్టంగా కనబడేసరికి నాకు హుషారొచ్చింది.

"ఇది నేను బాగుచేస్తాను. వచ్చే ఆదివారం పట్రా," అన్నాను.

"నీ గొలుసుల్లో కలిపేస్తావేంటే?" అని నవ్వాడు.

రెండు ఆదివారాలు పట్టింది. మొదటివారం, ఆ పొట్టి కొమ్ముకి మూడు వేళ్ళ పొడుగున ఇత్తడి బద్ద ఒకటి చేసి బిగించి, బుడిపెని దాని చివరికి, మెడవైపుకి జరిపాను. తల వాలడం సగం తగ్గింది. మిగతా సగానికి వెనకవైపు బరువు కావాలి. ఆ మధ్య వారంలో అన్నయ్య నాగాయలంకలో ఒక కార్యక్రమానికి వెళ్ళి, వలలకి కట్టే సీసం గుళ్ళు ఒక సంచిలో తెచ్చాడు. వాటిని ఒక్కొక్కటే వేస్తూ, ఎక్కడ నిలుస్తుందో చూశాం. ముప్పావు కేజీ దగ్గర నిలిచింది. వాటిని సైకిల్ ట్యూబు ముక్కలో గట్టిగా చుట్టి, వైర్లకి తగలకుండా వెనక మూత లోపల ఇమిడ్చాను.

బెల్టు మాత్రం గుడివాడలో, అన్నయ్య షాపుకి నాలుగడుగుల దూరంలో చెప్పులు కుట్టే పెద్దాయన చేత కుట్టించాం. అరచేయంత వెడల్పు తోలు, మధ్యలో మెత్తటి స్పాంజి. ఆయన తోలు నున్నటివైపు లోపలికి పెట్టబోతే నేను ఆపాను.

"గరుకువైపే భుజానికి తగలాలండీ. అప్పుడే జారదు."

"నునుపైతే హాయిగా ఉంటది గదమ్మా?"

"హాయి కంటే పట్టు ముఖ్యమండీ," అన్నాను.

అన్నీ బిగించాక, మా వరండాలో అన్నయ్య గిటార్ తగిలించుకుని రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు. మెడ కదల్లేదు. చేతులట్లాగే పెట్టుకుని ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. అయినా కదల్లేదు. అన్నయ్యతో వచ్చిన వదిన చప్పట్లు కొట్టింది. తర్వాత కూర్చుని చాలాసేపు వాయించాడు.

"నొప్పి ఉందా?" అని అడిగాను.

"ఎక్కడుందీ? పోయింది."

ఆ మాట నేను నమ్మాను. ఆ వారం కార్ఖానాలో అందరికీ చెప్పుకున్నాను.

వానాకాలం మొదలయ్యాక పామర్రులో ఒక గృహప్రవేశానికి వెళ్తే, అక్కడ అన్నయ్య వాయిస్తున్నాడు. గిటార్ మెడ నిబ్బరంగా నిలబడే ఉంది. కానీ ఎప్పుడూ వినే పాటల్లో ఏవో స్వరాలు తప్పిపోతున్నట్టనిపించింది. దగ్గరకెళ్ళి చూస్తే, ఎడమచేతి చిటికెన వేలు తీగ మీదికి రావడం లేదు. పక్కకి ముడుచుకుని ఉండిపోయింది. మూడు వేళ్ళతోనే నెట్టుకొస్తున్నాడు.

"వేలికేమైందన్నయ్యా?"

"ఏం లేదే. తిమ్మిరి. తీగ చుట్టీ చుట్టీ పట్టేసింది."

మర్నాడు పనిలో మనసు నిలవక వదినకి ఫోన్ చేశాను. వదిన ఏడ్చేసింది.

"నొప్పి ఏ రోజూ తగ్గలేదు. పడుకోలేక కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నారు, ఆ చెయ్యి నెత్తిన పెట్టుకుని. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. అంత కష్టపడి చేసింది, బాధపడుద్ది అన్నారు."

బందరులో ఎక్స్‌రే తీయించాం. అది చూసిన డాక్టరు మాతో ఎక్కువ మాట్లాడకుండా విజయవాడ పెద్దాసుపత్రికి రాసిచ్చారు. అక్కడ స్కానింగు చేసి చెప్పారు, ఎడమ ఊపిరితిత్తి పైకొసలో గడ్డ ఉందనీ, అది భుజంలోకి వెళ్ళే నరాల్ని నొక్కుతోందనీ, చెయ్యీ వేలూ అందుకే పడిపోతున్నాయనీ.

"ఎన్నాళ్ళ నుంచి నొప్పి?" అని అడిగాడు అక్కడి డాక్టరు.

"సంక్రాంతి దాటిన దగ్గర్నుంచీ అండీ. గిటార్ బరువు వల్ల అనుకున్నాం," అంది వదిన.

"ముందే వచ్చుంటే నయమయ్యేదాండీ?" అని నేనడిగాను. డాక్టరు కాగితాల మీంచి తలెత్తి నావైపు చూశాడు.

"ఇప్పుడా మాట ఎందుకమ్మా. ఇకముందు చెయ్యాల్సింది చూద్దాం."

చెయ్యాల్సినవన్నీ చేశాం. రేడియేషన్ కరెంటు పెట్టించాం, కీమో మందులు ఎక్కించాం. బస్సులో గుడివాడ నుంచి విజయవాడకి ఎన్నిసార్లు తిరిగామో. ఒకసారి తిరిగొచ్చేటప్పుడు వదినకి వెనక సీటు దొరికింది, నేను అన్నయ్య పక్కన కూర్చున్నాను. బయట పొలాల్లో నాట్లు వేస్తున్నారు. ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్నది అప్పుడు అడిగేశాను.

"నొప్పి పోయిందని ఎందుకు చెప్పావన్నయ్యా?"

కిటికీ వైపు తిరిగి చెప్పాడు.

"ఆ రోజు నీ మొహం చూసి నొప్పి ఉందనలేకపోయాను. అది అబద్ధమే. తర్వాత మాత్రం నీ కోసం కాదే. నాకే భయమేసింది. గిటార్ బాగయ్యాక కూడా నొప్పి ఉందంటే, అది గిటార్ నొప్పి కాదన్నమాట. మరింకేంటి? ఆ ప్రశ్న దగ్గరికి వెళ్ళలేకపోయాను."

నేను ఆయన ఎడమచెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. పామర్రు వచ్చేదాకా అట్లాగే ఉన్నాం. ఆ చెయ్యి చల్లగా, ఎండుకట్టెలా తేలిగ్గా ఉంది. లోపల గడ్డ పెరుగుతున్న ఆ భుజం మీద నా చేతుల్తో ముప్పావు కేజీ సీసం వేలాడదీశానన్న సంగతి ఆ క్షణాన నాకు స్ఫురించింది. బైటికి అనలేదు. ఆయనకీ స్ఫురించే ఉంటుంది. ఆయనా అనలేదు.

ఆ తర్వాత ఏడు నెలలున్నాడు. చివరి రోజుల్లో ఇంటికి ఆర్కెస్ట్రావాళ్ళు వచ్చేవారు. అన్నయ్య మంచం మీద కళ్ళు మూసుకుని వినేవాడు. వాళ్ళు పోయాక, "బేస్ లేకపోతే బోసిగా ఉంది కదూ?" అన్నాడొకసారి వదినతో. ఎండలు ముదురుతుండగా ఒక పొద్దున్న, వదిన కాఫీ తెచ్చేలోగా పోయాడు.

కర్మకాండ అయ్యాక ఆ గిటార్ని వదిన ఆర్కెస్ట్రావాళ్ళకే ఇచ్చేసింది. షాపు తలుపులు తీయడం లేదు. ఇల్లు గడవాలని వదిన ఒక బట్టల కొట్టులో చేరింది. ప్రతి ఆదివారం నేను గుడివాడ వెళ్తాను. ఇద్దరం కలిసి వండుకుంటాం. ఆయన మాట ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి ఇద్దరం జాగ్రత్తగా తప్పిస్తాం. "నేనన్నా ఒట్టు తప్పి చెప్పాల్సింది," అంటుంది వదిన. "నేనన్నా రెండోసారి అడగాల్సింది," అంటాను నేను. మా ఇద్దరి మధ్యా ఈ మాటలు తెగవు.

మొన్న దసరా ముందు బంటుమిల్లి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఆయనా బేస్ వాయిస్తాడట. అన్నయ్య గిటార్ ఎవరి దగ్గరో చూశాడట.

"అది మీరే చేశారటగా అండీ? నాదీ తల వాలిపోతోంది, భుజం లాగేస్తోంది. చేసిపెడతారా?"

చేతిలో ఉన్న లాకెట్టు పక్కన పెట్టాను.

"చేస్తానండీ. ముందు ఆ భుజం డాక్టరుకి చూపించి, ఎక్స్‌రే తీయించుకుని రండి."

"గిటార్ నొప్పికి ఎక్స్‌రే ఏంటండీ!" అని నవ్వాడు. నేను నవ్వలేదు. అన్నయ్య సంగతంతా చెప్పాను. విని, "సరేనండీ," అని పెట్టేశాడు. తిరిగి రాడనుకున్నాను. పదిరోజుల తర్వాత గిటార్‌తో పాటు ఎక్స్‌రే కవరు చంకన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమీ లేదన్నారండీ. ఉత్త కండరాల నొప్పేనట."

"చాలా సంతోషమండీ, కూర్చోండి," అన్నాను. నిజంగానే సంతోషమేసింది. మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళాను. చెంబు పట్టుకుని వంటింట్లో నిలబడ్డదాన్ని, ఆయన రెండుసార్లు పిలిచేదాకా బయటికి రాలేకపోయాను.